పాత పికప్ కొనేటప్పుడు సీసీ చూడాలా, మైలేజీ చూడాలా? (207, బొలెరో, దోస్త్)

టమాటా_రూటు
మదనపల్లె మార్కెట్ నుంచి కడపకు టమాటా లోడు. క్రేటు 27 కేజీల లెక్కన 45 క్రేట్లు, అంటే 1.2 టన్ను దాటుతుంది. పోయేటప్పుడు 115 కి.మీ., వచ్చేటప్పుడు ఖాళీ. నెలకు 25 ట్రిప్పులు. బేరంలో ఉన్నవి మూడు బండ్లు: 2012 టాటా 207 డీఐ (2956 సీసీ), 2014 బొలెరో పికప్ (2523 సీసీ), 2013 అశోక్ లేలాండ్ దోస్త్ (1478 సీసీ, మూడు సిలిండర్లు). మూడూ రెండు లక్షల కి.మీ. దాటినవే. దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది కాబట్టి పెద్ద ఇంజనే కావాలంటున్నాడు బ్రోకరు. నిజమేనా? లెక్కతో చెప్పండి అన్నా.

కమాన్‌కట్ట
బ్రోకరు ఘాటు చూశాడు గానీ లోడు ఎటు పోతుందో చూడలేదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, కడప 140 లోపే. లోడు దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. మీ రూటుకి ఘాటు బ్రేకుల సమస్య, ఇంజన్ సమస్య కాదు. కడప నుంచి మదనపల్లెకి సిమెంటు ఎక్కిస్తే అప్పుడు మాట వేరు.

ఎక్కడానికి ఎంత తాగుతుందో కూడా లెక్క కట్టొచ్చు. ఖాళీ బండి 1.7 టన్నులు అనుకోండి. 550 మీటర్లు పైకి లాగడానికి, ఇంజన్ డీజిల్‌లో 30 శాతాన్ని పనిగా మారుస్తుందనుకుంటే, ముప్పావు లీటరు పైచిలుకు చాలు. 207 అయినా దోస్త్ అయినా ఆ ఎత్తు ఎక్కే ఖర్చు పెద్దగా మారదు. చిన్న ఇంజన్‌కి ఒక గేరు కింద, పది నిమిషాలు ఆలస్యం, అంతే.

దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్‌లో దొర్లించొద్దు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ పంపు ఇంధనాన్ని ఆపేస్తుంది, ఆ కాసేపు ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో పెడితే ఐడిలింగ్‌కి డీజిల్ పోతూనే ఉంటుంది, ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకు లైనర్ల మీద పడుతుంది. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు.

లెక్కల_బండి
పోను రాను 230 కి.మీ., 25 ట్రిప్పులు, నెలకు 5,750 కి.మీ. బండి బాగుంటే ఇలాంటి రూటులో, సగం లోడు సగం ఖాళీగా, లీటరుకి 207కి 11, బొలెరోకి 12.5, దోస్త్‌కి 14.5 కి.మీ. అటూఇటూ ఆశించొచ్చు. డీజిల్ లీటరు వంద అనుకుందాం.

207: 523 లీటర్లు, రూ. 52,300
బొలెరో: 460 లీటర్లు, రూ. 46,000
దోస్త్: 397 లీటర్లు, రూ. 39,700

207కీ దోస్త్‌కీ నెలకు రూ. 12,600 తేడా. కానీ దోస్త్ మోయగలిగేది 1.25 టన్ను. మీ 45 క్రేట్లతో అది దాదాపు నిండిపోయినట్టే. సీజన్‌లో యార్డులో ఎవరో "ఇంకో పదిహేను క్రేట్లు వేసుకో అన్నా" అంటారు చూడండి, అక్కడే లెక్క తప్పుతుంది. 60 క్రేట్లంటే 1.6 టన్నులు. అప్పుడు దోస్త్ మైలేజీ ఒక్కటే పడిపోదు, క్లచ్ ప్లేటు, వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు), చక్రాల హబ్ బేరింగులు వరసగా బిల్లు పంపుతాయి. ఓవర్‌లోడుకి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో జరిమానా రూ. 20,000, ఆపైన అదనపు టన్నుకు రూ. 2,000.

అందుకే లీటరుకి ఎన్ని కి.మీ. అనే ప్రశ్న సగం ప్రశ్నే. లీటరుకి ఎన్ని టన్ను-కిలోమీటర్లు అని అడగాలి. లోడుతో పోయేటప్పుడు 1.2 టన్ను మీద 14 ఇస్తే 16.8. అదే టాటా ఏస్ 750 కేజీల మీద 18 ఇచ్చినా 13.5 మాత్రమే. మైలేజీ అంకె పెద్దది, చేసిన పని చిన్నది.

కరీంనగర్_లోడు
ఏస్ మాట ఎట్లాగూ వచ్చింది కదా. 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్. ఊళ్లోకి వాటర్ క్యాన్లు, కిరాణా సామాను అయితే దాన్ని మించిన బండి లేదు. దాని మీద టన్నుంపావు వేసి హైవే ఎక్కితే యాక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టే నడపాలె. ఫుల్ తొక్కినంతసేపు నల్లపొగ వస్తది, ఆ పొగ అంటే కాలని డీజిలే. చిన్న ఇంజన్ తక్కువ తాగుతదనే మాట దాని స్థాయి లోడు ఉన్నప్పుడే నిజం.

స్పీడు సంగతి ఎవ్వరూ చెప్పలే. గాలి అడ్డుకునే బలం స్పీడుకి వర్గంలో పెరుగుతది. 80లో ఉండే అడ్డు 65కి దిగితే మూడో వంతు తగ్గుతది. క్రేట్లు క్యాబిన్ కన్నా రెండు వరసలు ఎత్తు పేర్చి, పైన టార్పాలిన్ వదులుగ కట్టి పటపట కొట్టుకునేటట్టు పోతే ఏ ఇంజనైనా ఒకటే. పట్టా బిగించి కట్టున్రి, ఎత్తు క్యాబిన్‌కి సమానం చేయున్రి, ఖాళీగ వచ్చేటప్పుడు పట్టా మడిచి లోపల పెట్టున్రి. పైస ఖర్చు లేని పని.

డాలస్_ట్రక్కు
ఇక్కడి, అంటే అమెరికా, పెట్రోల్ పికప్‌లతో పోల్చి చూస్తే డీజిల్ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 2011 ఫోర్డ్ ఎఫ్-150లో 3.5 లీటర్ల టర్బో వీ6, 5.0 లీటర్ల వీ8 రెండూ ఉండేవి. వెనక చక్రాల డ్రైవ్‌లో ప్రభుత్వ రేటింగ్ హైవే మీద గ్యాలన్‌కి 22 మైళ్లు, 21 మైళ్లు. లీటరున్నర తగ్గించినా ఒక్క మైలే తేడా. ట్రైలర్ తగిలిస్తే అదీ మిగలదు, ఎందుకంటే టర్బో పెట్రోల్ ఇంజన్ బరువు లాగేటప్పుడు చల్లబడటానికి అదనంగా పెట్రోల్ పోసుకుంటుంది.

పెట్రోల్ ఇంజన్‌లో తక్కువ లోడు మీద థ్రాటిల్ (గాలి వెళ్లే దారిలోని మూత) చాలావరకు మూసుకుని ఉంటుంది, పెద్ద ఇంజన్ ఆ సందులోంచి గాలి పీల్చడానికే కొంత శక్తి పోగొట్టుకుంటుంది. మీ డీజిల్ బండ్లలో ఆ నష్టం చాలా తక్కువ. పెద్ద డీజిల్‌కి మిగిలే దండగ ముఖ్యంగా ఇంజన్ లోపలి రాపిడి, బండి సొంత బరువు. రాపిడి ఆర్‌పీఎంతో పెరుగుతుంది. కాబట్టి పెద్ద ఇంజన్ కొంటే పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో నడిపితేనే దాని లాభం. దాన్నీ మూడో గేరులో అరిపిస్తే రెండు రకాలుగా నష్టం.

పంపుషాపు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ పదేళ్లు దాటిన బండికి సీసీ కన్నా అది ఉన్న స్థితే మైలేజీని ఎక్కువ మారుస్తుంది. మంచి 207, చెడిన దోస్త్ కన్నా తక్కువ తాగుతుంది. కొనేముందు ఇవి చూడండి.

బండి దగ్గరికి వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారంటే అనుమానించండి. బోనెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. స్టార్ట్ అయ్యాక పొగ రంగు చూడండి: వేడెక్కాక కూడా నీలం వస్తుంటే ఆయిల్ కాలుతోంది, తెలుపు పోకపోతే నాజిల్సో (డీజిల్ చిమ్మేవి) టైమింగో కంప్రెషనో చెడినట్టు, తొక్కినప్పుడు దట్టమైన నలుపు అంటే గాలికి మించి డీజిల్ పడుతోంది.

ఆయిల్ పోసే మూత విప్పి తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టండి. ఐడిలింగ్‌లో కొంచెం అదరడం మామూలే. మూత ఎగిరిపడి పొగ తన్నుతుంటే బోరు, రింగులు అరిగాయి. ఇంజన్ పని రూ. 50,000 దాటిపోవచ్చు, బేరంలో అది తగ్గించండి.

మెకానికల్ డీజిల్ పంపు ఉన్న బండిలో ఆ పంపు సీలు చెదిరిందేమో చూడండి. తొక్కగానే ఊపు రావాలని స్మోక్ స్క్రూ (పంపులో డీజిల్ మోతాదు మార్చే స్క్రూ) తిప్పిన బండ్లు కోకొల్లలు. స్క్రూ తిప్పితే గాలి పెరగదు, డీజిలే పెరుగుతుంది. తొక్కినప్పుడు దూకుతుంది, కొన్నవాడు మురిసిపోతాడు. ఎగ్జాస్ట్ వేడి పెరిగి పిస్టన్, హెడ్ గ్యాస్కెట్ పోయేదాకా తెలియదు. పంపును బెంచ్ మీద పెట్టి క్యాలిబ్రేట్ చేయించడమే దీనికి మందు, స్క్రూడ్రైవర్ కాదు.

దోస్త్, కామన్ రైల్ (ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్ల) బొలెరో అయితే రిటర్న్ టెస్ట్ చేయించండి. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపు తీసి ఒక్కో సీసాలో పెట్టి ఐడిలింగ్‌లో కొన్ని నిమిషాలు ఉంచాలి. అన్నింట్లో ఇంచుమించు ఒకే మట్టం రావాలి. ఒక సీసా మిగతావాటికి రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టర్ అరిగినట్టే. ఈ ఇంజెక్టర్లకు నీళ్లు పడవు. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది, వారానికోసారి వదలండి, ఫిల్టరు కంపెనీదే వేయండి.

టమాటా_రూటు
దోస్త్ చూసొచ్చాను. పొగ లేదు, మూత టెస్ట్ బాగుంది. కానీ హీట్ ముల్లు పావు దగ్గరే ఉంటోంది, లేవట్లేదు. "థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసే వాల్వు) పీకేశాం, ఎండల్లో హీట్ ఎక్కదు" అని ఓనరే గొప్పగా చెప్పాడు. బొలెరోకేమో వెనకా ముందూ 235 టైర్లు వేసి ఉన్నాయి. మైలేజీ 11 దాటట్లేదని అందుకే అమ్ముతున్నారట.

పంపుషాపు
ఆ గొప్పే మీకు బేరం. థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ ఎప్పుడూ చలిలో నడిచినట్టే. ఆయిల్ చిక్కగా ఉంటుంది, డీజిల్ సరిగా కాలదు, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. పోనీ హీట్ తగ్గిందా అంటే, అసలు జబ్బు రేడియేటర్ పూడుకుపోవడమో, ఫ్యాన్ పట్టకపోవడమో అయ్యుంటుంది, అది అలాగే దాక్కుని ఉంటుంది. ముందు రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించి, తర్వాత కొత్త థర్మోస్టాట్ వేయండి. వేసేముందు నీళ్లలో వేలాడదీసి కాచి చూడండి, దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి, మామూలుగా 80 పైన ఉంటుంది.

బిగించాక పరీక్ష: చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లగా వెచ్చబడుతూ వస్తే లోపల థర్మోస్టాట్ లేనట్టో, తెరుచుకుని ఇరుక్కుపోయినట్టో.

కమాన్‌కట్ట
బొలెరో 11 అన్నది అబద్ధం కాకపోవచ్చు, పూర్తి నిజమూ కాదు. 215/75 ఆర్15 టైరు చుట్టుకొలత 2.21 మీటర్లు, 235/75 ఆర్15 అయితే 2.30. నాలుగు శాతం పైన తేడా. మీటరు 100 కి.మీ. చూపిస్తే బండి 104 నడిచింది. మీటరు మీద 11 అంటే నిజానికి 11.5. కానీ వెడల్పు టైరు బరువెక్కువ, రాపిడెక్కువ, పైగా గేరింగ్ పొడవై లోడుతో టాప్ గేరు లాగదు. కంపెనీ సైజుకి మార్చండి.

గాలి డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు చూసి, లోడు అంకె ప్రకారం, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. పది కి.మీ. బ్రేకు పెద్దగా తొక్కకుండా నడిపి, దిగి ఒక్కో డ్రమ్ము మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. ఒకటి మాత్రం చుయ్యిమంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగిసినా ఇదే కథ.

రేషియో_రాజు
టైర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పాత బండిలో హౌసింగ్ (వెనక యాక్సిల్ గేర్లుండే డబ్బా) ఎవరైనా మార్చారేమో చూసుకోండి. పాతసామాను కొట్టులో దొరికిన క్రౌన్ పినియన్ (దాని లోపలి గేర్ల జత) వేసేస్తారు, రేషియో, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు, వేరై ఉంటుంది, బండి ఎప్పుడూ అరుస్తూ పోతుంది.

ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి పోయే రాడ్డు) మీదా టైరు మీదా సుద్దతో గీత గీయండి. రెండు చక్రాలూ కలిపి ఒక చుట్టు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. ఒక్క చక్రమే లేపితే దాన్ని రెండు చుట్లు తిప్పాలి, ఎందుకంటే డిఫరెన్షియల్ సగమే లెక్కపెడుతుంది. చాలామంది ఇక్కడే తప్పు చేసి, ఉన్న రేషియోలో సగం వచ్చిందని కంగారు పడతారు. వచ్చిన అంకెను ఆ మోడల్ మాన్యువల్‌తో పోల్చండి.

లెక్కల_బండి
రోజూ 45 క్రేట్లు దాటవంటే, రేడియేటర్, థర్మోస్టాట్ ఖర్చు బేరంలో తగ్గించి దోస్త్ తీసుకోవచ్చు. వారంలో రెండు రోజులైనా 55, 60 పడతాయంటే బొలెరోనే, టైర్లు మార్చి. 207 మాత్రం తిరుగు లోడు దొరికినప్పుడే.

ఏది కొన్నా మైలేజీ ఇలా చూడండి. ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ మొదటిసారి టక్కుమనగానే ఆపాలి, రౌండ్ ఫిగర్ కోసం పోయించొద్దు. మూడు ట్యాంకుల సగటు తీయండి. మొదటి ట్యాంకు అంకెను నమ్మి ఇంజన్ నాజిల్స్ విప్పించొద్దు.

టమాటా_రూటు
రేడియేటర్ విప్పే షరతు మీద దోస్త్‌కి అడ్వాన్స్ ఇచ్చాను. పాత ఫైనాన్స్ ఎన్‌ఓసీ (బాకీ లేదనే కాగితం), ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ, గ్రీన్ ట్యాక్స్ రసీదు చూసుకున్నాను. ఎయిర్ ఫిల్టరు కడగొచ్చా?

పంపుషాపు
కాగితం ఫిల్టరు కడగకూడదు. లోపలి నుంచి బయటికి తక్కువ గాలితో ఊది, లోపల బల్బు పెట్టి చూడండి. వెలుగు సమంగా రాకపోయినా, ఎక్కడైనా సూదిబెజ్జమంత చుక్క మెరిసినా పారేయండి.