జూలైలో ఆస్ట్రేలియా: ఉలూరు గుడారమా, హామిల్టన్ దీవా?

హైదరాబాద్ నుంచి ప్రశ్న
ఈ జూలైకి మా పెళ్లయి 25 ఏళ్లు నిండుతాయి. సిడ్నీలో మూడు రాత్రులు ఉండి, ఆ తర్వాత నాలుగు రాత్రులు జనసందడికి దూరంగా గడపాలని మా ఇద్దరి కోరిక. టాస్మానియాలోని సఫైర్, ఎడారిలోని పెద్ద శిల ఉలూరు దగ్గర గుడారాల్లో ఉంచే లాంగిట్యూడ్ 131, క్వీన్స్‌లాండ్ తీరంలో హామిల్టన్ దీవిలోని క్వాలియా అనే మూడు రిసార్టుల్లో ఒకటి అనుకుంటున్నాం. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

సిడ్నీ నివాసి
ముందుగా మీ దంపతులకు శుభాకాంక్షలు. జూలై అంటే ఇక్కడ నడి చలికాలం. సఫైర్ గదుల్లోంచి హజార్డ్స్ కొండలు ఎంత అందంగా కనిపించినా, టాస్మానియాలో సాయంత్రం ఐదింటికే చీకటి పడే ఆ రోజుల్లో అంత ఖర్చు పెట్టవద్దనే నా సలహా. అది ఫిబ్రవరిలో చూడవలసిన చోటు.

ఉలూరుకు మాత్రం అదే తగిన కాలం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, ముఖం మీద ముసిరే ఈగలు అప్పుడు ఉండవు. పగలు సుమారు 20 డిగ్రీలు ఉంటుంది కానీ రాత్రి సున్నా దగ్గరకు దిగుతుంది కనుక ఉన్ని దుస్తులు తప్పనిసరి. మేము ఆగస్టులో లాంగిట్యూడ్ 131లో ఉన్నాం. మంచం మీద నుంచే కనిపించే ఆ శిల తెల్లవారుజామున ముదురు ఊదాగా ఉండి, ఎండ తాకేసరికి పండు మిరపకాయ రంగుకు తిరిగింది; చేతిలో కాఫీ చల్లారిపోయినా మా ఆవిడ శాలువా కప్పుకుని చూస్తూనే ఉండిపోయింది. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు అది పవిత్రస్థలం కాబట్టి 2019 అక్టోబరు 26 నుంచి పైకి ఎక్కడం నిషేధించారు, అది న్యాయమే. చుట్టూ సుమారు 10 కిలోమీటర్ల నడకదారి ఉంది, పొద్దున్నే బయలుదేరండి.

అక్కడి ధరలో భోజనం, పానీయాలు, గైడ్‌తో తిరిగే యాత్రలు కలిసే ఉంటాయి. అన్ని చోట్లా అలా ఉండదు కాబట్టి ఒక్క గది అద్దెలనే పోల్చకండి. మద్యం తీసుకోనివారు ఆ వాటా కూడా కడుతున్నామని గుర్తుంచుకోవాలి.

బ్రిస్బేన్ నివాసి
సముద్రం కావాలంటే క్వాలియా మంచిదండి. 16 ఏళ్ల లోపు పిల్లలను అనుమతించరు కనుక నిశ్శబ్దంగా ఉంటుంది. మేము తొందరపడి ఫిబ్రవరిలో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో వేరే రిసార్టుకు వెళితే, ఎడతెగని వానకు రెండు రోజులు పడవే కదలలేదు. నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీ చేపల బెడద కూడా ఉంటుంది. జూలైలో వానలు తక్కువ. అదృష్టం బాగుంటే హంప్‌బ్యాక్ తిమింగలాలూ కనిపిస్తాయి.

అడిలైడ్ నివాసి
భోజనం సంగతి నేను చెబుతాను. ఒక లాడ్జికి ‘శాకాహారం’ అని మాత్రమే రాసి పంపితే, మొదటి రాత్రే గుడ్డు వేసిన వంటకం వడ్డించారు. మా అమ్మ ఆ పూట రొట్టె, పండ్లతో సరిపెట్టుకుంది. గుడ్డు, చేప, మాంసం ఉడికించిన రసం, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఏవీ వద్దని విడివిడిగా రాయండి. అంత మారుమూల చోట సరుకులు దూరం నుంచి రావాలి కనుక కనీసం రెండు వారాల ముందే చెప్పడం మేలు.

హైదరాబాద్ నుంచి
అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రాత్రులూ ఉలూరులోనే ఉండాలని నిర్ణయించుకున్నాం. వెంట ఆవకాయ తేవచ్చా?

సిడ్నీ నివాసి
కంపెనీ సీలు, పదార్థాల పేర్లు ఉన్న సీసా తెచ్చి, విమానంలో ఇచ్చే కార్డు మీద ఆహారం ఉందని తప్పక రాయండి. విమానాశ్రయంలో అధికారులు తనిఖీ చేసి, అనుమతించాలా వద్దా అని నిర్ణయిస్తారు. రాయకుండా దొరికితే జరిమానా పెద్దది.