క్షయం అంటారు, మరి ఉబ్బుతుందేంటి?

రేడియోధార్మిక క్షయం అంటే లోహం తరిగిపోవడమేనా, అర్ధాయువు (ఉన్న పరమాణువుల్లో సగం విడిపోవడానికి పట్టే కాలం) గడిచేసరికి ప్లుటోనియం ముద్ద సగమైపోతుందా అని ఒకరు అడిగారు. అవదండీ. ముద్ద ముద్దలాగే ఉంటుంది, పైగా కాస్త ఉబ్బుతుంది కూడా.

ప్లుటోనియం-239 అర్ధాయువు దాదాపు 24,100 ఏళ్ళు. అంటే పది లక్షల పరమాణువుల్లో ఏడాదికి విడిపోయేవి 29 దాకా ఉంటాయంతే, ఒక్కోదాన్నించి ఒక యురేనియం-235, ఒక హీలియం వస్తాయి. రెండూ ముద్దలోనే ఉండిపోతాయి కాబట్టి బరువులో చెప్పుకోదగ్గ తేడా రాదు. కానీ విడిపోయేటప్పుడు ఆ యురేనియం వెనక్కి తన్నుకుని చుట్టుపక్కల పరమాణువుల్ని వేలల్లో చోటు తప్పిస్తుంది, చాలావరకు మళ్ళీ సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. అలా మిగిలిన ఖాళీల్లో హీలియం చేరి నానోమీటరు సైజు బుడగలు కడుతుంది. ముద్ద ఉబ్బి సాంద్రత తగ్గేది అందుకే. దశాబ్దాలు గడిచినా ఆ తగ్గుదల శాతంలో చిన్న భాగమే అనుకోండి.

అసలు ఈ లోహమే నిలకడ లేనిది. 640 డిగ్రీల దగ్గర కరిగేలోపు ఆరు స్ఫటిక రూపాలు (పరమాణువుల అమరికలు) చూపిస్తుంది. ఆల్ఫా రూపంలో ఘన సెంటీమీటరు 19.8 గ్రాములు తూగితే డెల్టాలో 15.9 మాత్రమే. ఆ డెల్టాని మామూలు ఉష్ణోగ్రతలో నిలబెట్టడానికి కొద్దిగా గాలియం కలుపుతారు.

ఇక మాట సంగతి. ప్లుటోనియం కేంద్రకాల సంఖ్య నిజంగానే తరుగుతుంది కాబట్టి అక్కడ క్షయం సరైన మాటే. లోహానికి అంటగడితేనే చిక్కు, క్షయ అనగానే మనకి రోగమే తడుతుంది మరి. (అరవై సంవత్సరాల్లో ఆఖరిది క్షయ అయితే మనవాళ్ళు అక్షయ చేసుకున్నారు, అంత జంకు!) కొన్ని పుస్తకాల్లో విఘటనం అని వాడతారు, నా ఓటు దానికే. లోహం ఏజింగ్‌కి మాత్రం ‘వృద్ధాప్యం’ వద్దు, ‘ముదరడం’ అందాం.

> ముదిరితే బెండకాయలా గట్టిపడాలి కదండీ, మీరేమో ఉబ్బుతుందంటున్నారు?

గట్టిపడుతుంది కూడానండీ. అర్ధాయువు 87.7 ఏళ్ళే ఉన్న ప్లుటోనియం-238 అనే ఇంకో రకాన్ని కొంత కలిపి, ముదరడాన్ని తొందరపెట్టి అమెరికా ప్రయోగశాలల్లో పరీక్షించారు. సాగదీసి చూస్తే కొత్తదానికన్నా ముదిరిందే కాస్త ఎక్కువ తట్టుకుంది.