ఎక్స్‌పల్స్ బైకు ముందు చక్రం అవుట్ వచ్చింది (వంకరగా తిరుగుతోంది), పుల్లలు (స్పోకులు) టైట్ చేయించాక ఇంకా ఎక్కువైంది

మట్టిదారి:
అన్నలూ, నాది ఎక్స్‌పల్స్ 200. అనంతగిరి దగ్గర రాళ్ల దారిలో తిరిగొచ్చినప్పటి నుంచి ముందు చక్రం ఊగుతోంది, యాభై దాటితే హ్యాండిల్‌లో తెలిసిపోతోంది. మా వీధి మెకానిక్ మామూలు స్పానర్‌తో పుల్లలన్నీ వరసగా బిగించి ఇచ్చాడు. ఇప్పుడు పక్కకి ఊగడమే కాదు, పైకీ కిందకీ కూడా ఎగురుతోంది, పైగా రెండు నిప్పళ్లు (రిమ్ దగ్గర పుల్లని బిగించే చిన్న నట్లు) అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. రిమ్ మార్చాల్సిందేనా, లేక ఇంట్లో బెండు తీసుకోవచ్చా?

పాత గ్యారేజీ:
రిమ్ సంగతి తర్వాత, ముందు బేరింగ్ చూడు. ముందు చక్రం నేలకి తగలకుండా బండి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్‌మంటే పుల్లల్ని ముట్టుకోకు, అది చక్రం బేరింగో, స్టీరింగ్ కోనో (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్).

బేరింగ్ బాగుంటే ఫోర్క్‌కి ఒక కేబుల్ టై కట్టి, దాని కొస రిమ్‌కి తగలీ తగలనట్టు పెట్టి చక్రం తిప్పు, ఎక్కడ రాసుకుంటుందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టు. ముందు ఎగిరేది సరిచెయ్యి, తర్వాత ఊగేది. రిమ్ ఉబ్బిన చోట రెండు వైపుల పుల్లల్నీ సమానంగా బిగించు, లోపలికి పోయిన చోట వదులు చెయ్యి. ఎడమకి వచ్చిందనుకో, అక్కడ హబ్ (చక్రం మధ్య భాగం) కుడి అంచు నుంచి వచ్చే పుల్లలు బిగించి, ఎడమవి అంతే వదలాలి. ఒక్కోసారి పావు చుట్టు, అంతకు మించి వద్దు. రెండు రకాల అవుట్ కూడా 2 మి.మీ. లోపు వస్తే చాలు, చాలా మాన్యువళ్లలో ఉండే హద్దు అదే. సున్నా కోసం కూర్చుంటే రాత్రవుతుంది.

అన్నీ వరసగా బిగిస్తూ పోతే మొదలుపెట్టిన చోట ఎక్కువ లాగుతుంది, నీ చక్రం ఎగరడానికి కారణం అదే అయి ఉంటుంది. స్పోక్ కీ కొనుక్కో, మామూలు స్పానర్‌తో నిప్పల్ అంచులు పోతాయి. పోయిన రెండూ మార్చేయ్.

రాళ్లబాట:
పాత గ్యారేజీ చెప్పింది కరెక్టే కానీ ఒక మాట. రాళ్ల మీద తిరిగానన్నావు, గాలి ఎంత పెట్టావు? తక్కువ గాలితో రాయి తగిలితే రిమ్ అంచుకి నొక్కు పడుతుంది, ఆ నొక్కుని ఏ పుల్లా లాగలేదు. టైరు విప్పి లోపల చూడు. రిమ్‌కి అయస్కాంతం పెట్టు, అంటుకుంటే స్టీలు, చిన్న నొక్కయితే కొట్టి తీయించొచ్చు. అంటుకోకపోతే అల్యూమినియం, దాన్ని సుత్తితో కొడితే పగులు రావచ్చు, పగులు కనిపిస్తే ఇక మార్చడమే.

టైరు ఎలాగూ విప్పుతావు కాబట్టి రిమ్ టేపు తీసి చూడు. అంత బిగించాక పుల్ల కొసలు నిప్పల్ దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, అది ట్యూబ్ బండి, పంక్చర్ ఖాయం. ఆకురాయితో రాసెయ్.

మట్టిదారి:
టైరు విప్పాను. నొక్కు లేదు, బేరింగ్ కూడా గట్టిగానే ఉంది. మూడు పుల్లల కొసలు నిజంగానే బయటికి వచ్చాయి. కానీ నిప్పల్ ఎటు తిప్పితే బిగుస్తుందో ప్రతిసారీ తికమకే.

పాత గ్యారేజీ:
టైరు ఉండే వైపు నుంచి నిప్పల్ తలని చూస్తున్నావనుకో, స్క్రూ లాగానే, గడియారం ముల్లు తిరిగే వైపు. హబ్ వైపు నుంచి చూస్తే దానికి రివర్స్. మొదలుపెట్టే ముందు రిమ్‌కి రెండు ఫోర్కుల నుంచి ఎంత దూరం ఉందో కొలిచి రాసుకో, లేకపోతే చక్రం నిటారుగా తిరిగినా మొత్తం ఒక పక్కకి జరిగి ఉంటుంది.

సాగరతీరం:
మాది వైజాగ్, ఉప్పుగాలికి నిప్పళ్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అలా ఉంటే ముందు రోజు రాత్రే నూనె పోసి వదిలెయ్, లేదంటే నిప్పల్ తిరగదు, పుల్లే మెలిపడి విరుగుతుంది. విరిగితే అదే పొడుగు, అదే వంపు ఉన్నది వెయ్యాలి, లోపలి పుల్లకీ బయటి పుల్లకీ వంపు వేరే. అన్నీ అయ్యాక స్పానర్‌తో ఒక్కో పుల్లనీ తట్టి విను, టింగ్‌మంటే బిగువుంది, డబ్‌మంటే వదులు. మొదటి రైడ్ తర్వాత మళ్లీ తట్టి చూడు, కొత్తగా సర్దిన పుల్లలు కొంచెం వదులవుతాయి.