అప్‌డేట్: వాడేసిన ఫెర్రిక్ క్లోరైడ్‌ని ఏం చేస్తున్నామంటే
మా కమ్యూనిటీ వర్క్‌షాప్‌లో పీసీబీలు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు) ఎచింగ్ చేశాక, అంటే బోర్డు మీద అక్కర్లేని రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించేశాక, మిగిలే ఆ ద్రావణాన్ని సింకులో పోయొచ్చా అని ముందు పోస్ట్‌లో అడిగాను కదా, వద్దని గట్టిగా చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. అందులో కరిగిన రాగి చేపలకి విషం, పైగా ఆ ద్రావణం స్టీల్ సింకుని కూడా తినేస్తుంది. ఇప్పుడు మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన పేరు, తేదీ రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇస్తున్నాం. గ్లవ్స్, సేఫ్టీ కళ్లద్దాలు లేకుండా ట్రే దగ్గరికి ఎవరినీ రానివ్వట్లేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం బోర్డులకి రంధ్రాలు వేసే డ్రిల్లింగే. మేం వాడే ఎఫ్‌ఆర్-4 రకం బోర్డు అంటే గాజు పీచు, ఎపాక్సీ (గట్టిపడే ఒక రకం జిగురు) కలిపి చేసింది, డ్రిల్ చేస్తే లేచే ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అందుకే ఎన్95 మాస్క్, డ్రిల్ పక్కనే హెపా ఫిల్టర్ (చాలా సన్నటి దుమ్ముని కూడా పట్టేది) ఉన్న వాక్యూమ్ వాడుతున్నాం, బోర్డు అంచులైతే తడిపే రుద్దుతున్నాం. బోర్డులు చక్కగా వస్తున్నాయి.