రోమా 3:25: సిలువ దేవుని కోపాన్ని చల్లార్చిందా, మన పాపాన్ని కడిగిందా?

లేవీ16:
అందరికీ వందనాలు. రోమా 3:25లో దేవుడు క్రీస్తును "కరుణాధారముగా బయలుపరచెను" అని చదువుతాం. గ్రీకులో ఆ మాట హిలాస్టేరియన్. అదే మాటను హెబ్రీ 9:5లో "కరుణాపీఠము" అన్నారు, అందుకే తెలుగులో చదివేవాళ్లకు ఈ లంకె కనబడదు. కరుణాపీఠమంటే ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, అంటే మందసం మీది బంగారు మూత. ఏటా ప్రాయశ్చిత్త దినాన (లేవీ 16) అక్కడ ఎవరినీ శిక్షించలేదు, బలి రక్తం చిలకరించారు. అది పరిశుద్ధస్థలానికి అంటిన అపవిత్రత పోవడానికని లేవీ 16:16 చెబుతోంది. పైగా ఆ రోజు తెచ్చే రెండు మేకల్లో ఒకదాన్ని వధిస్తారు, కానీ పాపాలు ఒప్పుకొని మోపింది బతికున్న రెండోదాని తలమీద. దాన్ని వధించరు, అరణ్యానికి పంపేస్తారు. "తండ్రి కోపం కుమారుడి మీద కుమ్మరించాడు" అనే బోధకు ఈ వచనం ఆధారం కాదు.

రోమా_విద్యార్థి:
అన్నా, లంకె నిజమే. కానీ పౌలు 1:18లో దేవుని కోపంతో మొదలుపెట్టి, 3:20 దాకా యూదులేమి గ్రీసుదేశస్థులేమి ఎవరూ తప్పించుకోలేరని చూపించాడు. ఆ కోపం ఏమైందో 3:25లో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాడు? లేవీ 16 కూడా మొదటి వచనం నుంచి చదవండి. ప్రధాన యాజకుడు అహరోను కొడుకులు నాదాబు, అబీహు దేవుని సన్నిధికి వెళ్లి చనిపోయాక వచ్చిన ఆజ్ఞ అది. ధూపం పొగ పీఠాన్ని కమ్మకపోతే అహరోనుకూ చావే (13వ వచనం). రెండు మేకలు వేరే, కానీ యెషయా 53 ఆ రెంటినీ ఒక్కడిలో కలిపింది: 6లో దోషం మోపారు, 7లో వధకు తెచ్చారు.

ఖాళీసమాధి:
ఇద్దరూ సిలువ దగ్గరే ఆగిపోయారు. శుక్రవారంతోనే అంతా ముగిస్తే 1 కొరింథీ 15:17ని ఎలా చదువుతారు? క్రీస్తు లేపబడకపోతే "మీరింకను మీ పాపములలోనే యున్నారు". ప్రాయశ్చిత్త దినపు వరస చూడండి. వధ బయటి ఆవరణలో. ఆ తర్వాత రక్తాన్ని అడ్డతెర లోపలికి తీసుకెళ్లి వేలితో పీఠం మీద, దాని ఎదుట ఏడుసార్లు ప్రోక్షించాలి. వధతో ఆపేస్తే ప్రాయశ్చిత్తం జరగనట్టే. చనిపోయి ఉండిపోయిన యాజకుడు లోపలికి వెళ్లలేడు. క్రీస్తు మనకోసం పరలోకంలోకే ప్రవేశించాడనే హెబ్రీ 9:24 పునరుత్థానం లేకుండా నిలబడదు.

లేవీ16:
వరస గురించి మీరన్నది చాలా ముఖ్యం. నాదాబు, అబీహుల సంగతి నేను వదిలేశాను, ఒప్పుకుంటున్నా. అయినా 3:25లో బయలుపరచింది దేవుడే. కోపంగా ఉన్న తండ్రిని కుమారుడు వచ్చి శాంతపరచినట్టు పిల్లలకు చెప్పే జడ్జి కథ అక్కడే తప్పుతోంది.

రోమా_విద్యార్థి:
ఆ కథ నాకూ వద్దు. 1 యోహాను 4:10లో ముందు ప్రేమించినవాడూ, కుమారుణ్ణి పంపినవాడూ దేవుడే. కానీ కోపమే లేదంటే రోమా 5:9లో "ఉగ్రతనుండి రక్షింపబడుదుము" అన్నది దేన్నుంచి?