ఇంటర్‌కూలర్ పైపులు కార్బన్ ఫైబర్‌తో చేస్తే వేడికి ఆగుతాయా?

బూస్ట్ పిచ్చి:
2.0 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) 1.3 బార్, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ముందు బంపర్ వెనక ఉంది. ఇప్పుడున్నవి 63 మి.మీ. అల్యూమినియం పైపులు. బండి ఆపాక చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నాయి. కార్బన్ అయితే లోపలి గాలికి వేడి తగలదు, బరువూ తగ్గుతుంది కదా అని ఆలోచన. ఫిల్టర్ నుంచి టర్బోకి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్ణుంచి థ్రాటిల్‌కి, ఈ మూడు పైపులూ చెయ్యొచ్చా? మామూలు ఎపాక్సీ రెజిన్ చాలా? ఎన్ని పొరలు వెయ్యాలి?

రెజిన్ డబ్బా:
ఒత్తిడి గురించి బెంగ వద్దండి. గోడ 1.5 మి.మీ. ఉంటే 1.3 బార్‌కి అందులో పడే స్ట్రెస్ 2.7 మెగాపాస్కల్ మాత్రమే. చేత్తో వేసిన లామినేట్ (రెజిన్‌తో అంటించిన ఫైబర్ పొరలు) కూడా దానికి ఎన్నో రెట్లు మోస్తుంది.

చంపేది వేడి. బయట 30 డిగ్రీలు, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుంటే 1.3 బార్ బూస్ట్ దగ్గర టర్బో నుంచి బయటికొచ్చే గాలి దాదాపు 145 డిగ్రీలు. గది వేడిలో గట్టిపడే చాలా ఎపాక్సీలు, పోస్ట్ క్యూర్ (గట్టిపడ్డాక మళ్లీ వేడిచెయ్యడం) చెయ్యకపోతే, 50-70 డిగ్రీల మధ్యే మెత్తబడతాయి. ఫైబర్‌కి ఏమీ కాదు, దాన్ని పట్టుకున్న రెజిన్ రబ్బరులా అవుతుంది. క్లాంప్ కింద గోడ నొక్కుకుపోతుంది, హోస్ జారుతుంది.

రెజిన్ డేటా షీట్‌లో టీజీ, అంటే రెజిన్ మెత్తబడే వేడి, అంకె చూడండి. పైపు చూసే గరిష్ఠ వేడి కంటే కనీసం 25-30 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. హాట్ సైడ్‌కి, అంటే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే పైపుకి, 175 పైనే. అలాంటి రెజిన్లు లేకపోలేదు, కానీ వాటికి ఓవెన్‌లో ఎక్కువ వేడిమీద పోస్ట్ క్యూర్ తప్పదు. ఆ ఒక్క పైపు అల్యూమినియంగానే వదిలెయ్యండి. మిగతా రెండింటికీ టీజీ 120 ఉన్న రెజిన్ తీసుకోండి. కోల్డ్ సైడ్‌లో, అంటే ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కి వెళ్లే పైపులో, గాలి 50-60 డిగ్రీలే అయినా చుట్టూ ఇంజిన్ బే 90 దాటుతుంది.

లెక్కల మాస్టారు:
"గాలి చల్లగా ఉంటుంది" అన్నదాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఫుల్ థ్రాటిల్‌లో సెకనుకి 0.2 కిలోల గాలి పోతుందనుకుందాం. దాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే 200 వాట్లు కావాలి. అర మీటరు అల్యూమినియం పైపు బయటి నుంచి లాక్కునేది వంద వాట్ల లోపే. అంటే తేడా అర డిగ్రీ. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు, గాలి ప్రవాహం తక్కువ కాబట్టి, కొంచెం తెలుస్తుంది. బరువు కూడా అంతే. 1.6 మి.మీ. అల్యూమినియం మీటరుకి 830 గ్రాములు, 2 మి.మీ. కార్బన్ 600. అందం కోసం, వంకర దారుల్లో వెల్డింగ్ లేకుండా ఒకే ముక్కగా రావడం కోసం చెయ్యండి. అది న్యాయమైన కారణమే.

బూస్ట్ పిచ్చి:
సరే, హాట్ సైడ్ మానేస్తాను. 70 సెం.మీ. కోల్డ్ పైపు, రెండు వంపులు. ఎక్స్‌పీఎస్ (పాలిస్టైరీన్) ఫోమ్‌ని చెక్కి దానిమీద చుట్టి, తర్వాత అసిటోన్‌తో కరిగిద్దామనుకుంటున్నాను. ఎక్కడ తప్పు జరుగుతుంది?

రెజిన్ డబ్బా:
మొదటి తప్పు కొలతలోనే జరుగుతుంది. హోస్ లోపలి కొలత 63 కదా అని ఫోమ్‌నీ 63 చెక్కితే పైపు 68 అవుతుంది, హోస్ ఎక్కదు. చివర్లలో గోడ 2.5 మి.మీ. వస్తుంది కాబట్టి అక్కడ ఫోమ్ 58 ఉండాలి.

గుడ్డ కాకుండా అల్లిన కార్బన్ తొడుగు వాడండి, వంపుల్లో ముడతపడదు. లోపల ఒక పల్చటి గ్లాస్ పొర, దానిమీద 300 గ్రాముల తొడుగు నాలుగు పొరలు. చివరి 40 మి.మీ.లో ఇంకో రెండు. మొత్తానికి 200 గ్రాముల రెజిన్ చాలు. రెండు విడతలుగా కలపండి, ఒకేసారి డబ్బాలో ఉంచితే కాగిపోతుంది. పాలియెస్టర్ రెజిన్ మాత్రం వద్దు, అందులోని స్టైరీన్ ఫోమ్‌ని తినేస్తుంది. వేడికి బిగుసుకునే ష్రింక్ టేప్ కూడా వద్దు, హీట్ గన్ వేడికి ఫోమ్ కుంగుతుంది. పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచేసే గుడ్డ) చుట్టి, ఎలక్ట్రికల్ టేప్‌ని జిగురు బయటికి ఉండేలా బిగించి, సూదితో గుచ్చండి.

పూర్తిగా గట్టిపడ్డాకే అసిటోన్. తర్వాత రోజంతా గాలికి ఆరనిచ్చి అప్పుడు ఓవెన్. అసిటోన్ ఆవిరి మిగిలితే మంట అంటుకుంటుంది. గంటకి 10-15 డిగ్రీల చొప్పున పెంచండి, తొందరపడితే పైపు వంగుతుంది.

పాత స్పానర్:
చివర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. 1.3 బార్ ఆ పైపుని హోస్‌లోంచి 40 కిలోల బలంతో తోస్తుంది, నున్నటి కార్బన్ మీద సిలికాన్ హోస్ ఆగదు. చివరి నుంచి 8-10 మి.మీ. దూరంలో కార్బన్ దారం చుట్టి 2 మి.మీ. ఎత్తు గట్టు కట్టండి. క్లాంప్ గట్టు మీద కాదు, దాని వెనక పడాలి. బిగింపు హోస్ కదలనంత వరకే. రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ చూడండి.

సెన్సర్ బిగించడానికి అల్యూమినియం బంగ్ (మర ఉన్న చిన్న ముక్క) పెడితే మధ్యలో గ్లాస్ పొర తప్పనిసరి. కార్బన్‌కి నేరుగా తగిలితే తేమకి అల్యూమినియం తుప్పు పట్టి ఊడొస్తుంది.

ఇక పరీక్ష. మొదట పైపులో నీళ్లు నింపి 3 బార్‌కి. పగిలినా నీళ్లు ఎగరవు, గాలైతే ముక్కలు ఎగురుతాయి. మూతలు కట్టెయ్యండి, ఒక్కోదాని మీద 90 కిలోలకి పైగా తోపు. తర్వాత అర బార్ గాలి, సబ్బు నీళ్లు. బుడగలొస్తే సూది బెజ్జాలున్నట్టే, లోపల ఒక పూత రెజిన్ వేసి మళ్లీ పోస్ట్ క్యూర్ చెయ్యాలి.

ఇన్‌టేక్ పైపు చేసేటప్పుడు ఎయిర్ ఫ్లో మీటర్ దగ్గర లోపలి కొలత పాతదానితో సమానంగా ఉంచండి, లేకపోతే గాలి-పెట్రోల్ మిశ్రమం లెక్క తప్పుతుంది. లోపల వేలాడే నార, రెజిన్ పెచ్చు ఒక్కటీ ఉండకూడదు. అది ఊడితే నేరుగా కంప్రెసర్ రెక్కల మీదికే. నీళ్లు పోస్తూ, మాస్క్ పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దండి. ఆ దుమ్ములో కరెంటు పారుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్ల దగ్గర చెయ్యొద్దు.