ఓబీ డంపు వాలు మీద గండ్లు: మట్టి పోసి పూడ్చొచ్చా?

డంపుమట్టి:
గోదావరి లోయలో ఒక ఓపెన్‌కాస్ట్ గని ఓబీ డంపు, అంటే ఖనిజం మీదున్న మట్టీ రాళ్లూ తవ్వి పోసిన గుట్ట. బెంచి (గుట్ట మెట్టు) ఎత్తు 25 మీటర్లు, వాలు 35 డిగ్రీల దాకా ఉంది. మూడేళ్ల కింద పైమట్టి పరిచి కానుగ, వెదురు పెట్టారు. జులై వానలకు మోకాలి లోతు గండ్లు పడ్డాయి, కింద గార్లాండ్ డ్రెయిన్ (డంపు చుట్టూ తవ్విన కాలువ) ఒండ్రుతో నిండింది. గండ్లలో మట్టి పోసి డోజరుతో చదును చేయిస్తే ఆగుతుందా?

లెవెల్‌సర్వే:
మట్టి మాత్రం పోయించకండి సార్. వదులు మట్టి మళ్లీ వానకే పోతుంది, పోయి మీ డ్రెయిన్‌లోనే పడుతుంది. గండి వెంట పైకి ఎక్కి అది ఎక్కడ మొదలైందో చూడండి. బెంచి అంచున ఒకేచోట గడ్డి వాలు వైపు పడుకొని, సన్న ఒండ్రు పేరుకొని ఉంటే, పైనీళ్లు అక్కడే పొర్లుతున్నాయి. ముందు ఆ నీళ్లను ఆపాలి. అంచు పొడవునా 60 సెంటీమీటర్ల ఎత్తు కట్ట పొరలుగా పోసి తొక్కించండి. బెంచి 2–3 శాతం లోపలికి వాలాలి. అయితే లోపల నీళ్లు నిలిస్తే డంపులోకి ఇంకి వాలే జారుతుంది, కాబట్టి బెంచి లోపలి అంచు వెంట కాలువ తీసి, దానికి పొడవునా అర శాతం వాటం ఇచ్చి, రాళ్లు పరిచిన దిగుడు కాలువలోకి కలపండి. 35 డిగ్రీలంటే టిప్పరు పోసిన వాలే. 28కి దించకపోతే మిగతా పనంతా తాత్కాలికమే.

డంపుమట్టి:
లోపలి కాలువ ఎంత సైజు ఉండాలన్నా?

వానలెక్క:
కాలువకు నీరొచ్చే నేల హెక్టార్లు × గంటకు మి.మీ. వాన × 0.6 (వానలో ఇంకకుండా పారే వంతు), దాన్ని 360తో భాగించండి. 6 హెక్టార్లకు 80 మి.మీ. వానైతే సెకనుకు 0.8 ఘనపు మీటర్లు. కాలువ అడుగున వెడల్పు 60 సెం.మీ., పక్కలు ఒకటికి ఒకటి వాలు, నీటి లోతు 65 సెం.మీ., అర శాతం వాటం ఉన్న మట్టి కాలువ దీన్ని మోస్తుంది. పైన ఇంకో 25 సెం.మీ. ఖాళీ వదలండి. అడుగున ఒండ్రు చేరితే నీటిమట్టం లేచి ఈ ఖాళీనే తింటుంది, వానాకాలం ముందు ఒండ్రు తీయించకపోతే లెక్క తప్పుతుంది.

వట్టివేరు:
ఇంకో పరీక్ష చేయండి. గండి గోడ నుంచి గోలీ అంత ఎండు మట్టిగడ్డ తీసి, కదపకుండా గ్లాసు డిస్టిల్డ్ వాటర్‌లో వేయండి. గడ్డ చుట్టూ పాలలా మబ్బు కమ్మి గంటకీ తేరకపోతే అది కరిగే బంకమట్టి. అలాంటిచోట నీళ్లు లోపల సొరంగాలు చేస్తాయి, గండికి అడ్డంగా వేసే ఉత్త రాతికట్టల పక్కనుంచి మట్టి ఖాళీ అవుతుంది. జిప్సం కలిపి తొక్కించాకే కట్టాలి.

మామూలు మట్టైతే, వాలు తగ్గించాక మిగిలిన చిన్న గండ్లకు రాతికట్టలు వేయండి. మధ్య భాగం పక్కలకన్నా 20 సెం.మీ. తక్కువుండాలి, లేకపోతే నీరు అంచులు కోసుకుపోతుంది. పక్కల్లోకి 40 సెం.మీ. దూర్చండి. గండి వాటం 10 శాతం ఉన్నచోట 60 సెం.మీ. ఎత్తు కట్టలైతే 6 మీటర్లకొకటి.

చెట్లకన్నా ముందు గడ్డి కావాలి. కానుగ, వెదురు పెరిగేలోపు మధ్యలో నేల బోడిగానే ఉంటుంది కదా. వట్టివేరు పిలకలు 15 సెం.మీ. ఎడంతో అడ్డవరసలుగా నాటి, వరసల మధ్య స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) గింజ చల్లి, కొబ్బరిపీచు చాప కప్పి మేకులు కొట్టండి. చాప నేలకు అంటకుండా పైకి లేచిన ప్రతిచోటా కిందనుంచి కొత్త గండి మొదలవుతుంది.